అడగకుండా చదివిన చీటీ

మా సంఘం వజ్రోత్సవ సంచికలో ఏసమ్మ గురించి అర పేజీ రాసిపెట్టమని పోయిన నెలలో కమిటీ వాళ్ళు ముగ్గురు మా ఇంటికి వచ్చారు. శీర్షిక కూడా వాళ్ళే పెట్టుకుని వచ్చారు, ‘త్యాగమూర్తి ఏసమ్మ’ అని. ఆమె ఫోటో ఏమైనా మా దగ్గర ఉందా అని అడిగారు. ఇరవై మూడేళ్ళు తెనాలిలో ఆ గుడి గడప అరిగేలా తిరిగిన మనిషి ఫోటో గుడిలో ఒక్కటి లేదు. పాస్టర్లవి ఉన్నాయి, కోశాధికారులవి ఉన్నాయి, గంట విరాళమిచ్చిన ఆయనదైతే రంగుల్లో ఉంది.

‘‘అర పేజీలో పట్టదయ్యా. పట్టేటట్టు రాస్తే అది ఏసమ్మ కాదు’’ అన్నాను.

‘‘మీరు రాసివ్వండి మాస్టారూ. ఇబ్బందిగా ఉన్న ముక్కలు మేం తీసేసుకుంటాంలెండి’’ అన్నాడు అందులో చిన్నవాడు, ఎంతో మర్యాదగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఇబ్బందిగా ఉన్న ముక్కలే ఏసమ్మ జీవితం. 1989లో ఆ సంఘానికి కార్యదర్శిని నేనే. పౌలు మాస్టారంటే పాతవాళ్ళందరికీ తెలుసు. ఆమెకు జరిగిన దాంట్లో నా నోరూ ఉంది, నా సంతకమూ ఉంది. అందుకని అర పేజీ కాదు, మొత్తం రాస్తున్నాను. వేసుకుంటారో పారేసుకుంటారో వాళ్ళ ఇష్టం.

ఏసమ్మది రేపల్లె. తండ్రి పాలేరు. పదిహేడో ఏట పెళ్ళి చేశారు, పంతొమ్మిదో ఏటికి భర్త పోయాడు, పిల్లలు లేరు. మిషను వాళ్ళెవరో దయతలచి బాపట్లలో చదువు చెప్పించి బైబిలు స్త్రీగా తయారుచేశారు. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను, బైబిలు స్త్రీ అంటే పాస్టరు వెళ్ళని ఇళ్ళకు వెళ్ళి, చదువురాని ఆడవాళ్ళకు వాక్యం నేర్పే మనిషి. మా పాస్టరుగారికి మొదట సైకిలుండేది, తర్వాత స్కూటరు వచ్చింది. ఏసమ్మకు మొదట్నుంచీ చివరిదాకా కాళ్ళే ఉన్నాయి. ఆ కాళ్ళతోనే ఇటు కొలకలూరు నుంచి అటు వేమూరు దాకా తిరిగింది.

ఆమె నేర్పే పద్ధతి ఎక్కడా చూడలేదు నేను. నాట్ల రోజుల్లో కూలికెళ్ళిన ఆడవాళ్ళు వాక్యం కోసం పని ఆపరు. ఆపితే మేస్త్రి ఊరుకోడు. అందుకని ఏసమ్మ చీర ఎగ్గట్టి తనూ మళ్ళోకి దిగేది. నారు కట్ట ఒక చేత్తో పట్టుకుని, వాళ్ళతో పాటు వంగి వెనక్కి అడుగేస్తూ, ఒక వరుస నాటేలోపు ఒక ముక్క చెప్పేది. అందరూ ఆ ముక్కే అంటూ నాటేవాళ్ళు. రెండో వరుసకు రెండో ముక్క. మడి పూర్తయ్యేసరికి ఒక కీర్తన మొత్తం నోటికి వచ్చేసేది. సంతకం పెట్టలేని ఆడవాళ్ళు మా పాస్టరుగారి కంటే గడగడా వాక్యం అప్పజెప్పేవాళ్ళు.

‘‘కలుపు తీతల్లో చెప్పింది నిలవదండి మాస్టారూ. నాట్లలో చెప్పింది నిలుస్తది. నడుం నొప్పితో పాటు గుర్తుంటది గదా’’ అని పెద్దగా నవ్వేది. ఆమె నవ్వు గుడి బయటికి వినిపించేది. కాఫీ అంటే ప్రాణం. కోపం వస్తే దాచుకోవడం చేతకాదు.

అలాంటి మనిషిని మేం ఎలా వాడుకున్నామో చెప్పాలి. పురుడొస్తే ఏసమ్మ, జ్వరమొస్తే ఏసమ్మ, పోయినవాళ్ళకు ఆఖరి స్నానం చేయించాలంటే ఏసమ్మ. పెళ్ళి భోజనాల్లో మాత్రం ఆమె ఎప్పుడూ ఆఖరి బంతి. ‘‘ఆమెకెవరున్నారు, సంఘమే ఆమె కుటుంబం’’ అనేవాళ్ళం. కుటుంబం అన్నమాటే గానీ ఆమెకు తలనొప్పి వచ్చిందని ఏ ఇంట్లోంచీ ఒక అమృతాంజనం సీసా బయటికి రాలేదు.

మా పాస్టరు యాకోబు అయ్యగారికి ఇష్టమైన ప్రసంగం ఒకటుండేది. క్రీస్తు మరణమే మన బతుక్కి నమూనా అనీ, మన శరీరాలను సజీవయాగంగా అర్పించుకోవాలనీ. ఆ మాటలో తప్పు లేదు. నేనూ నమ్ముతాను, ఈనాటికీ నమ్ముతాను. కానీ ఆ ప్రసంగం చెప్పినన్నిసార్లూ ఆయన చూపు ఆడవాళ్ళ చాపల వైపు, అందులోనూ వెనక కూర్చున్న కూలివాళ్ళ వైపే పోయేది. ముందు బెంచీల మీద ఇస్త్రీ చొక్కాలతో కూర్చున్న మా వైపు చూసిన పాపాన పోలేదు. మాకు ఆశీర్వాదాల ప్రసంగాలు వేరే ఉండేవి.

ఇంకో సంగతి. మంచి శుక్రవారం మా గుడిలో పన్నెండింటి నుంచి మూడింటి దాకా ఆరాధన. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. ఆరు మాటలు మగవాళ్ళవి. మూడోది మాత్రం ఆడవాళ్ళకిస్తారు, అందులో తల్లి ప్రస్తావన ఉంది కాబట్టి. తన తల్లిని ఒక శిష్యుడి చేతిలో పెట్టే మాట అది. ‘‘అందులో పెద్ద వేదాంతమేం లేదు, ఆడవాళ్ళు లాక్కొచ్చేస్తారు’’ అని కమిటీలో నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వుల్లో నాదీ ఉంది. ఆ మూడో మాట పదేళ్ళుగా ఏసమ్మదే. నాలుగోది, తండ్రి తన చెయ్యి విడిచిపెట్టాడని కుమారుడు కేక వేసిన మాట. అది బర్నబాస్ గారిది.

బర్నబాస్ గారు బాపట్లలో ఒక ఆఫీసులో సూపరింటెండెంటు. రోజూ పొద్దున రైల్లో వెళ్ళి సాయంత్రానికి వచ్చేవారు. సంఘానికి కోశాధికారి. మాట్లాడ్డానికి నిలబడితే గుడి మొత్తం ఏడిపించగలరు. ఆయనకు ఒక్కడే కొడుకు, ఇమ్మానుయేలు. బీకాం పాసై, ఉద్యోగం వెతుక్కుంటూ ఉండగా 1988లో కాళ్ళూ ముఖమూ వాచిపోయాయి. రెండు కిడ్నీలూ పాడయ్యాయన్నారు. మద్రాసు తీసుకెళ్తే, ఎవరిదైనా ఒక కిడ్నీ పెట్టాలి, ఆలస్యమైతే దక్కడు అన్నారు. కుర్రాడు మంచివాడు. గుడిలో హార్మోనియం వాయించేవాడు. ఆ ఇంటి మీద పడ్డ కష్టాన్ని నేను తక్కువ చేసి చెప్పడం లేదు.

తల్లి విజయమ్మ గారికి షుగరు, ఆమెది పనికిరాదన్నారు. బాబాయిలిద్దరూ పరీక్షకే రాలేదు. బర్నబాస్ గారిది సరిపోలేదని అందరికీ చెప్పారు. మేం నమ్మాం. నమ్మక ఏం చేస్తాం, కన్న తండ్రి గదా.

జనవరిలో మద్రాసు వెళ్ళినప్పుడు రోగికి తోడుగా ఏసమ్మను తీసుకెళ్ళారు. ఎప్పుడూ ఆమే గదా తోడు. అక్కడ ఆమెకూ రక్తం తీయించారు. ఎందుకండీ అంటే ‘‘తోడొచ్చిన వాళ్ళందరికీ తీస్తారు ఏసమ్మా’’ అన్నారట బర్నబాస్ గారు. పెద్దాయన మాట కాదనే అలవాటు ఆమెకు లేదు. చెయ్యి చాపింది.

మా గుడిలో కృతజ్ఞత కానుకల పద్ధతి ఒకటుంది. దేవుడు మేలు చేస్తే చీటీ మీద రాసి కవరులో పెట్టి ఇస్తారు, ప్రసంగానికి ముందు కార్యదర్శి పైకి చదువుతాడు. అంతవరకూ బాగానే ఉంది. రానురాను, జరగని మేలుకి ముందే కృతజ్ఞత చెల్లిస్తే అది ఇంకా గొప్ప విశ్వాసం అనే లెక్క వచ్చింది. ఉద్యోగం రాకముందే ఉద్యోగానికి, సంబంధం కుదరకముందే పెళ్ళికి చీటీలు వచ్చేవి. ఒకాయన టీచరు పోస్టుకి మూడేళ్ళు వరసగా కృతజ్ఞత చెల్లించాడు, నాకు తెలిసి ఆ పోస్టు ఇంకా రాలేదు.

ఫిబ్రవరి చివరి ఆదివారం నా చేతికి వచ్చిన కవర్లలో బర్నబాస్ గారిదొకటి ఉంది. విప్పి చదివాను. ‘మా కుమారుడు ఇమ్మానుయేలుకు తన మూత్రపిండాలలో ఒకటి ఇచ్చుటకు సహోదరి ఏసమ్మను ప్రేరేపించిన దేవునికి కృతజ్ఞతతో, బర్నబాస్, విజయమ్మ.’

చదువుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి, సిగ్గులేని కళ్ళు. గుడి మొత్తం చప్పట్లు. పాస్టరుగారు పీఠం దిగి వచ్చి ‘‘సజీవయాగం! ఇదే సజీవయాగం!’’ అన్నారు. ఏసమ్మను ముందుకు పిలిచి, మోకరించమని, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. ఆమె లేచి వచ్చింది, మోకరించింది. పిలిస్తే రాకుండా ఉండటం ఆమెకు తెలియదు. లేచేటప్పుడు నా వైపు చూసిన చూపు మాత్రం నేను మర్చిపోలేదు. ఆ చూపులో త్యాగం లేదు, దారి తప్పిన మనిషి చూపు అది.

మర్నాడు ఆమె గదికి వెళ్ళాను. గుడి వెనక, వంటపాత్రలు పెట్టే కొట్టు పక్కన గది. కాఫీ కూడా పెట్టుకోకుండా కూర్చుని ఉంది.

‘‘ఏంటమ్మా, ఇంత గొప్ప నిర్ణయం తీసుకుని మాకు ఒక్క ముక్క చెప్పలేదు?’’ అన్నాను.

‘‘నిర్ణయమా? నా రక్తం సరిపోయిందని నాకు తెలిసిందే మీ నోటమ్మట అండి. ఆ కాయితం చదివేముందు ఇది నిజమేనా ఏసమ్మా అని నన్నొక మాట అడగాలనిపించలేదా మాస్టారూ?’’

అడగాలనిపించలేదు. అదే నా బుద్ధి. పాతికేళ్ళు బడిలో పిల్లల చేత హాజరు పలికించాను, ఆమె దగ్గరికి వచ్చేసరికి ఆమె పలకకుండానే హాజరు వేసేశాను.

‘‘భయమా అమ్మా?’’ అన్నాను.

‘‘భయమూ ఉంది. కోసేది నన్ను గదండీ. కానీ అది కాదు. మా అమ్మకి రెండు కళ్ళూ పోయినయ్యి. ప్రతి శనివారం రేపల్లె పాసింజరెక్కి వెళ్ళి, వారానికి సరిపడా సర్దిపెట్టి వస్తన్నా. మధ్యలో పక్కింటి వాళ్ళు ఇంత గంజి పోస్తారు. నేను బల్ల మీదే పోయానంటే ఆమె గతేంటండీ?’’

‘‘దేవుడు చూసుకుంటాడమ్మా.’’

‘‘దేవుడి పేరు చెప్పి మీరు తప్పుకోకండి మాస్టారూ.’’

తప్పుకునే వచ్చాను. ఆ నెల రోజులూ ఆమెను ఎలా పీక్కుతిన్నారో చెప్పలేను. రోజుకో ఇద్దరు వెళ్ళి ప్రార్థన చేసేవాళ్ళు. యాపిల్ పళ్ళు పట్టుకెళ్ళేవాళ్ళు, ఇరవై మూడేళ్ళలో ఎవరూ పట్టుకెళ్ళని పళ్ళు. ఆమె ‘‘ఆలోచిస్తా’’ అంటే చాలు, ‘‘బలిపీఠం ముందు చెప్పిన మాట వెనక్కి తీసుకుంటే దేవుణ్ణి మోసం చేసినట్టే’’ అనేవాళ్ళు. ఆ మాట చెప్పింది ఆమె కాదయ్యా, నేను చదివాను, రాసింది బర్నబాస్ గారు అని కమిటీలో అనడానికి నాకు నోరు రాలేదు. ఒక్కసారి పైకి చదివాక అది ఆమె మాటే అయిపోయింది. ఇవ్వకపోతే కుర్రాణ్ణి చంపిన పాపం కూడా ఆమె నెత్తినే.

మంచి శుక్రవారానికి జాబితా రాశాను. మూడో మాట ఏసమ్మ, నాలుగో మాట బర్నబాస్ గారు. ఆమె నోటితో తన అర్పణ గురించి సాక్ష్యం చెప్పించాలని పాస్టరుగారి ఆలోచన. ఈస్టరు కాగానే మద్రాసు ప్రయాణం.

ఆ రోజు గుడిలో మూడొందల మందికి తక్కువ లేరు. ఇమ్మానుయేలు ముందు బెంచీలో శాలువా కప్పుకుని, ఉబ్బిన ముఖంతో కూర్చున్నాడు. రెండో మాట అయింది, పాట అయింది. ఏసమ్మ తెల్లచీర కొంగు తలమీద కప్పుకుని వచ్చి నిలబడింది. ఆమెకు పీఠం ఎక్కే అనుమతి లేదు, ఆడవాళ్ళు కింద నిలబడే చెప్పాలి.

‘‘అందరికీ వందనాలండి. ఈ మాట సులువైందని ఆడవాళ్ళకిచ్చారు. నేనూ పదేళ్ళు సులువుగానే చెప్పా. ఈసారి రావట్లేదండి’’ అంది. ‘‘సిలువ మీద ఆయనకి ఊపిరి ఆడట్లా. ఆ టైములో కూడా నా తల్లి రేపట్నించి ఎవరింట్లో అన్నం తింటది అని చూసుకున్నాడు. చూసుకున్నాకే ప్రాణం పెట్టాడు. ఆ శిష్యుడు కూడా ప్రార్థన చేస్తాలే అమ్మా అని ఊరుకోలా. ఆమెని తీసకెళ్ళి ఇంట్లో పెట్టుకున్నాడు.’’

పాస్టరుగారు బాగుంది అన్నట్టు తల ఊపారు.

‘‘మా అమ్మ పేరు పున్నమ్మ. రేపల్లెలో ఉంటది, కళ్ళు లేవు. నేను మద్రాసులో పోతే ఆమెని ఇంటికి తీసకెళ్ళి పెట్టుకునే వాళ్ళు ఒక్కళ్ళు చెయ్యెత్తండి. ఒక్క చెయ్యి చాలు. సాయంత్రమే బండెక్కుతా.’’

చప్పట్లు కొట్టిన చేతులన్నీ ఒళ్ళో పడి ఉన్నాయి. నావి కూడా. ఆడవాళ్ళ వైపు నుంచి మా ఆవిడ రాజమ్మ నన్నే చూస్తోంది. నేను పాటల పుస్తకంలోకి చూశాను.

ఏసమ్మ అందరి ముఖాలూ వరసగా చూసింది. అప్పుడు వచ్చింది ఆమెకు కోపం.

‘‘ఎత్తొద్దులెండి. నా ప్రాణం నా దగ్గర్నించి ఎవరూ తీసుకోరు, నేనే పెడతన్నా అన్నాడు ప్రభువు. ఆ వాక్యం మీ పొలాల్లో మీ కూలోళ్ళకి నేనే నేర్పా. ఆయన ఇచ్చాడు కాబట్టి అది బలి. ఇచ్చేవాళ్ళని అడక్కుండా మీరే చీటీ రాసి, మీరే చదివి, మీరే చప్పట్లు కొడితే అదేంటండీ? ఆయన చావు చూసి మనం ఎట్టా బతకాలో నేర్చుకోమన్నారు. ఆయన చావు చూపించి పక్కోళ్ళని చావమనడం ఏ వాక్యంలో ఉందో చెప్పండి, అదీ కంఠతా పడతా. నేను కిడ్నీ ఇవ్వనండి. ఇమ్మానుయేలు బాబూ, నీ మీద కోపం కాదు నాయనా.’’

వెళ్ళి చాప మీద కూర్చుంది. పాట పాడాలి, ఎవరూ ఎత్తుకోలేదు. పాస్టరుగారు కంగారుగా బర్నబాస్ గారికి సైగ చేశారు.

ఆయన పీఠం ఎక్కి పుస్తకం తెరిచారు. ‘‘నాలుగవ మాట’’ అన్నారు. తండ్రి కొడుకు చెయ్యి విడిచిన మాట చెప్పడానికి నిలబడ్డ మనిషికి ఎదురుగా ముందు బెంచీలో కొడుకు కూర్చుని ఉన్నాడు. పన్నెండేళ్ళుగా గుడిని ఏడిపించిన ఆయన ఆ బెంచీ వైపు చూసి పుస్తకం మూసేశారు.

‘‘నాది సరిపోయింది’’ అన్నారు. ముందు ఎవరికీ అర్థం కాలేదు. ‘‘డిసెంబరులోనే చెప్పారు డాక్టర్లు, నీది సరిపోయింది, ఇవ్వొచ్చు అని. నేనే దాచా. భయమేసింది. బాబూ, నాకు భయమేసిందిరా.’’

‘‘డిసెంబరులోనా అండీ?’’ అన్నారు విజయమ్మ గారు.

అందరూ లేచి బర్నబాస్ గారి చుట్టూ మూగారు. కావలించుకున్నారు, కళ్ళు తుడిచారు. ‘‘ఎంత ధైర్యం కావాలి ఒప్పుకోవడానికి!’’ అన్నారు. కొడుక్కి తనే ఇస్తానని ఆయన అనేసరికి మళ్ళీ చప్పట్లు. సాయంత్రానికి ఆయనే త్యాగమూర్తి. మూడు నెలలు ఒక పేద ఆడదాని ఒంటి మీద బేరం నడిపిన సంగతి ఎవరికీ గుర్తులేదు. ఏసమ్మ ఒక్కతే కూర్చుని చాపలు చుట్టింది. ఆమెను పలకరించిన వాళ్ళు లేరు.

ఈస్టరు దాటిన వారం కమిటీ కూర్చుంది. మంచి శుక్రవారం ఆరాధన చెడగొట్టినందుకు, సంఘ పెద్దల్ని అవమానపరిచినందుకు ఏసమ్మను పనిలోంచి తీసేశారు, గది ఖాళీ చెయ్యమన్నారు. కాగితం నేనే రాశాను, ఎవరో ఒకరు రాయాలి గదా అనుకుంటూ. పాస్టరుగారు సంతకం పెట్టారు, నేను పెట్టాను, కోశాధికారిగా బర్నబాస్ గారూ పెట్టారు. ఆ కాగితం ఆమెకు అందించే పని నాకే అప్పజెప్పారు. ఇవ్వలేక జేబులో పెట్టుకుని తిరిగాను.

ఆ తర్వాత ఆమె బతుకంతా రేపల్లెలోనే గడిచింది. ఒక నర్సింగ్ హోంలో ఆయాగా చేసింది, నాట్ల రోజుల్లో ఎవరూ జీతమివ్వకపోయినా మళ్ళోకి దిగి వాక్యం చెప్పింది, తల్లిని చివరిదాకా సాకింది. 1997లో తనూ పోయింది. బర్నబాస్ గారు మాత్రం తన త్యాగం గురించి ఎన్ని సభల్లో సాక్ష్యం చెప్పారో నేను లెక్కపెట్టడం మానేశాను. వాటిలో ఏసమ్మ పేరు ఒక్కసారీ రాలేదు. నేను కార్యదర్శి పదవి వదిలేసింది కూడా అందుకే. కానీ ఆ 1989 వేసవిలో జరిగింది ఇంకా చెప్పాలి, కమిటీ వాళ్ళు మొదట తీసేసుకునే ముక్క అదే.

మే నెల మొదట్లో ఒక పొద్దున మా గుమ్మం ముందు రిక్షా ఆగింది. ఏసమ్మ దిగి, ఒక ముసలామెను చెయ్యి పట్టుకుని దింపింది.

‘‘ఆరోజు చెయ్యెత్తలా మీరు. పోన్లెండి. ఇప్పుడు తలుపు తీస్తారా మాస్టారూ?’’ అంది.

‘‘ఎక్కడికమ్మా ప్రయాణం?’’

‘‘మద్రాసు. వారంలో ఆపరేషనంట. విజయమ్మ గారు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతారు. తండ్రీ కొడుకూ ఇద్దరూ మంచాన పడితే ఎత్తి కూర్చోబెట్టే దిక్కెవరండీ? బాబాయిలు వెళ్తారా?’’

నేను నోరు తెరిచేలోపు రాజమ్మ నన్ను పక్కకు తోసి ముసలామెను లోపలికి తీసుకెళ్ళింది. ‘‘ఇదెవరిల్లే ఏసూ? కాఫీ చిక్కగా ఇస్తారా?’’ అంటోంది పున్నమ్మ. జేబులో ఉన్న కాగితం ఆ రోజు కూడా ఇవ్వలేదు నేను.

ఆపరేషన్లయిన వారానికి సంఘం తరఫున చూసి రమ్మని నన్ను మద్రాసు పంపారు. ఇమ్మానుయేలును అద్దాల గదిలో ఉంచారు, కోలుకుంటున్నాడు. తండ్రి జనరల్ వార్డులో ఉన్నారు. వరండాలో బకెట్ పట్టుకుని వస్తూ కనిపించింది ఏసమ్మ. బాగా చిక్కిపోయింది. నేను అక్కడే ఆపి అడిగాను.

‘‘బర్నబాస్ గారిది సరిపోయిందని నీకు ముందే తెలుసా?’’

‘‘తెలుసండి. నాకు రక్తం తీసిన రోజే నర్సమ్మ అంది, తండ్రిది సరిపోయిందిగా అమ్మా అని. అందుకే నాది ఊరికే తీశారనుకున్నా.’’

‘‘మరి ఆరోజు గుడిలో ఆ మాట అనేస్తే సరిపోయేది గదా!’’

‘‘ఆయన చెప్పుకోవాల్సింది ఆయనే చెప్పుకోవాలండి. నలుగురిలో నేను లాగేస్తే, మీరు నన్ను చేసిందే నేను ఆయన్ని చేసినట్టు గదా.’’ బకెట్ కింద పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని చాపింది. ‘‘మీ జేబులో నాకివ్వాల్సిన కాయితం ఉందంటగా. రాజమ్మక్క ఉత్తరం రాసింది. ఇవ్వండి.’’

ఇచ్చాను. నిలబడి మొత్తం చదివింది. కింద సంతకాలు ఒక్కోటీ చూసింది, మూడో దాని దగ్గర ఎక్కువసేపు ఆగింది. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. ఏం అంటుందోనని నేను తల దించుకున్నాను. కాగితం మడిచి బొడ్లో దోపుకుని, బకెట్ ఎత్తుకుని వార్డులోకి నడిచింది. నేనూ వెనకే వెళ్ళాను.

బర్నబాస్ గారు మమ్మల్నిద్దర్నీ చూశారు, ఆమె బొడ్లో ఉన్న కాగితాన్నీ చూశారు. అది ఏ కాగితమో ఆయనకు చెప్పక్కర్లేదు. ముఖం గోడ వైపు తిప్పుకున్నారు.

‘‘ఏసమ్మా, నన్ను క్షమించావా?’’ అన్నారు గోడతో చెప్పినట్టు.

‘‘ఆ సంగతి తర్వాత చూద్దాం లెండి. నాకింకా కోపం తగ్గలా. ముందు పక్కకి తిరగండి, వీపు తుడవాలి.’’

‘‘అంత కోపం ఉంటే మరెందుకొచ్చావమ్మా?’’

‘‘ఈసారి నన్నెవరూ రమ్మనలేదు, నా పేరు ఎవరూ చదవలేదు గదండీ. నా అంతట నేనే వచ్చా’’ అంటూ ఏసమ్మ గుడ్డ వేణ్ణీళ్ళలో ముంచి పిండింది.